వాకిట వేలాడే గడ్డకు గెనిమ మీద చోటివ్వండి

శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టర్ గారికి,
పుట్టపర్తి.



కదిరి నుంచి మదనపల్లెకు పోయే రోడ్డు తనకల్లు మీదుగా సాగుతుంది. ఆ దారి వెంట ఊళ్లలో, కొక్కంటి క్రాస్ లాంటి కూడళ్లలో, అంగళ్ల వాకిళ్లను ఒకసారి తలెత్తి చూస్తే దిష్టి సామానంతా అక్కడే కనిపిస్తుంది. బూడిద గుమ్మడికాయ, పటికముక్క, నిమ్మకాయ మిరపకాయల దండ, నల్లతాడు. వీటి నడుమ అక్కడక్కడ ఒక గడ్డ కూడా వేలాడుతుంటుంది. బూడిదరంగు తోలు, దాని చుట్టూ వలయాల్లాంటి గీతలు, పైన ఎండిన కాడ మొదలు. కొత్తవాళ్లు చూస్తే వాడిపోయిన కందగడ్డ అనుకుంటారు.

మే నెలలో ఆ గడ్డను దగ్గరికి పోయి చూడాలి. కింద మట్టి లేదు, నీళ్లు పోసేవాళ్లు లేరు, తడి అన్నది దాని దరిదాపుల్లో లేదు. అయినా నెత్తిన ఒక మొలక వచ్చి ఉంటుంది. లేత ఆకుపచ్చ, దాదాపు చిటికెన వేలి పొడవు. మొలక కొసన నూలుపోగంత నులితీగ గాలిలో మెల్లగా సున్నాలు చుడుతూ పట్టు కోసం వెతుకుతుంది. దానికి దొరికింది మామిడి తోరణం కట్టిన సుతిలి తాడు. రెండు రోజుల్లో మూడు చుట్లు. అంగట్లోకి వచ్చేపోయే వాళ్ల తలల మీద ఒక తీగ, వాన పడుతుందన్న నమ్మకంతో కాదు, తన కడుపులో దాచుకున్న నీళ్ల ధైర్యంతో పాకుతోంది.

దీన్నే జనం ఆకాశగరుడ గడ్డ అంటారు. కొన్నిచోట్ల నాగదొండ అనీ అంటారు. కలెక్టర్ గారూ, ఈ ఉత్తరం ఆ గడ్డ గురించే. దానికి వాకిట్లో దొరికిన గౌరవం చేలో దొరకలేదు. చేలో దొరికేలా చేయడం మీ చేతిలో పని.

ముందు నమ్మకం సంగతి తేల్చుకోవాలి. గరుత్మంతుడి పేరు పెట్టుకుంది గనక ఇది ఇంటి ముందుంటే పాము రాదంటారు. పాము కరిస్తే దీని రసం పోస్తే చాలునని ఇంకొంత మంది అంటారు. ఆ రెండో మాట ప్రాణాల మీదికి తెస్తుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ చావులు నమోదైన రాష్ట్రాల వరుసలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కాటుకు మందు ఆసుపత్రిలో ఇచ్చే విషం విరుగుడు సూదే. గడ్డ కాదు. వాకిట్లో కట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు, కట్టుకోనివ్వండి.

ఇక మొక్కగా చూస్తే ఇది దోస, కాకర, దొండ కుటుంబంలోది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కొరల్లోకార్పస్ ఎపిజియస్. మొదటి మాటకు పగడపు పండు అని అర్థం, రెండో మాటకు నేల మీద ఉండేది అని. రెండూ కంటితో చూసి పెట్టిన పేర్లే. తరంగంబాడిలో మత ప్రచారకుడిగా ఉంటూ దక్షిణాది మొక్కలన్నీ సేకరించిన రోట్లర్ 1803లో దీన్ని పుస్తకానికెక్కించాడు. ఇండియా, శ్రీలంక, పాకిస్తాన్‌లతో పాటు తూర్పు ఆఫ్రికా మెట్టల్లోనూ ఇది పెరుగుతుంది. అంటే ఎండిపోయిన నేల ఎక్కడుంటే అక్కడ దీనికి చుట్టాలున్నారన్నమాట.

ఇలా మొదలు ఊరి గడ్డకట్టే మొక్కలను నర్సరీల వాళ్లు 'కాడెక్స్' మొక్కలంటారు. మిద్దెతోటలు పెంచేవాళ్లకు అడీనియం తెలుసు. కుండీలో ఏనుగు కాలు పెట్టినట్టు కనిపించే దాని మొదలే కాడెక్స్. ఆకాశగరుడది అదే ఏర్పాటు. తేడా ఏమిటంటే అడీనియం పొదలా నిలబడుతుంది, ఇది తీగై ఎగబాకుతుంది. వానలు మొదలుకాగానే గడ్డ నెత్తి నుంచి తీగలు లేస్తాయి. నాలుగైదు నెలలు ఆకు, పువ్వు, కాయ. చలికాలం ముదిరేసరికి తీగ మొత్తం ఎండి రాలిపోతుంది. తర్వాత ఆరునెలలు గడ్డకు బెరడే ఇల్లు. బిరడా లాంటి ఆ తోలు లోపలి తడిని బయటికి పోనివ్వదు. ఆకు లేదు కాబట్టి ఆవిరై పోయేదీ లేదు. లోపల పిండిపదార్థం, నీళ్లు. రాయలసీమలో బతకడానికి ఇంతకన్నా తెలివైన పద్ధతి ఇంకొకటి కనిపెట్టాలంటే కష్టమే.

ఈ తెలివికి విదేశాల్లో అద్దాల బీరువాల్లో చోటు దొరికింది. మెక్సికోలోని సొనోరా ఎడారి నుంచి తెచ్చిన ఇదే దోస కుటుంబపు గడ్డనొకదాన్ని 1902లో న్యూయార్క్ వృక్షోద్యానంలో మట్టీ నీళ్లూ లేకుండా బీరువాలో పెట్టారు. ఏడేళ్ల పాటు ఏటా సొంత ఊళ్లో వానలు పడే కాలం రాగానే అది మొలకెత్తింది, నీళ్లు అందక ముడుచుకుంది, మళ్లీ ఏడు మళ్లీ మొలకెత్తింది. వియన్నాలోని షోన్‌బ్రున్ రాజోద్యానంలో ఇంకో ముసలి తీగ ఉంది, ఫోకియా క్రిస్పా. 18వ శతాబ్దం చివర దక్షిణాఫ్రికా నుంచి ఓడలో వచ్చింది. రాజ్యాలు పోయాయి, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, కుండీలోని ఆ గడ్డ ఇంకా ఆకులు వేస్తోంది. అది తన జాతిలో చిట్టచివరిదని చాలాకాలం అనుకున్నారు కూడా.

అక్కడ వాటి పక్కన పేరు రాసిన పలక ఉంటుంది. ఇక్కడ అంతే గట్టి మొక్క చెనిక్కాయ చేని గెనిమ గట్టు మీద ఉంటే కలుపు. పెరటి చెట్టు మందుకు రాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

అనంతపురం ఉమ్మడి జిల్లా సాలు సగటు వాన 552 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మబ్బులను అడ్డుకుంటాయి, ఈశాన్యపు వాన తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడుతుంది. ఉన్న వానైనా వరసగా పడదు. జూలైలో ఒక దుక్కి తడిసి, ఆగస్టంతా ఆకాశం చూస్తూ గడిచిపోవడం ఇక్కడి రైతుకు కొత్తకాదు. తనకల్లు మండలాన్ని ఒరుసుకుని పోయే పాపాఘ్ని కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక నదే. దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ ఉమ్మడి జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లెలోనే మొదలవడం వెనక ఉన్నది ఈ లెక్కే. అప్పటినుంచి ఎన్ని గుంతలు తవ్వారో, ఎన్ని మొక్కలు నాటారో లెక్కలు మీ కార్యాలయం దగ్గర ఉంటాయి.

నాటిన మొక్కల తిప్పలు మాత్రం రోడ్డున పోయే ఎవరికైనా కనిపిస్తాయి. గుంత, ముళ్లకంప, మధ్యలో వేపో కానుగో. మొదటి వేసవిలో దానికి నీళ్ల ట్యాంకరు రావాలి. రెండో వేసవిలోనూ రావాలి. ట్యాంకరు రాని చోట ముళ్లకంప మిగులుతుంది. చెట్లు వద్దని ఎవరూ అనరు, ఈ ఉత్తరం అసలే అనదు. ట్యాంకరును తన మొదట్లోనే మోసుకుని తిరిగే మొక్కలు ఇదే నేలలో ఉండగా ఏ నాటే పట్టికలోనూ వాటి పేరు కనిపించదేమన్నదే ప్రశ్న. పట్టికలో ఎప్పుడూ చెట్టే ఉంటుంది, తీగ ఉండదు. ఎత్తు కొలవడానికి వీలుగా, ఫొటోలో బాగా కనిపించేలా ఉండేది చెట్టే గదా.

గెనిమ మీది కంచెలో అయితే చెట్టూ తీగా వేరుకావు. తనకల్లు వైపు పాత రాతిగెనిమ దగ్గర కూర్చుని చూస్తే ఒక బలుసు పొద, దాని మీద నల్లేరు, నల్లేరు సందుల్లోంచి దొండతీగ, అడుగున ఎక్కడో సగం నేలలో సగం బయట ఆకాశగరుడ గడ్డ. ముళ్లపొద మేకల నోటి నుంచి తీగను కాపాడుతుంది, పొద నీడ గడ్డను వేడి నుంచి కాపాడుతుంది. నల్లేరు మీద బండి నడకంటే తేలిక పని అని అర్థం. ఆ తేలికకు కారణమైన కండగల కాడ వెనక ఎంత పని జరుగుతుందో బండివాడికి తెలియదు. పగటి ఎండలో నల్లేరు తన రంధ్రాలు మూసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది, పొద్దున ఆ నిల్వతో వంట చేసుకుంటుంది. తిప్పతీగ ఇంకో ఘటికురాలు. కాడ నరికి చెట్టు కొమ్మకు వదిలేస్తే, దారాల్లాంటి ఊడలు నేల దాకా దించి మళ్లీ వేరూనుతుంది. దాన్ని అమృత అన్నది అందుకేనేమో.

ఈ తీగల మీద బతికేవాళ్ల పట్టిక పెద్దదే. మొదటి సాక్ష్యం సామెతల్లోనే ఉంది. కాకి ముక్కుకు దొండపండు అని పొంతనలేని జంటను వెక్కిరిస్తారు. వెక్కిరింపు పక్కన పెడితే అది పక్షుల మీద ఒక పరిశీలన. నల్లటి ముక్కులో ఎర్రటి దొండపండు పట్టుకున్న కాకిని ఎవరో చూడనిదే ఆ మాట పుట్టదు. కవులు దొండపండును పెదవులకు పోల్చుకుని తృప్తిపడ్డారు. దాని అసలు గిరాకీదారులు కాకులు, కోకిలలు, పికిలిపిట్టలు. అడవిదొండ కూడా నేల కింద గడ్డకట్టే తీగే. తీగలో ఆడదీ మగదీ వేరు, కాబట్టి కంచెలో ఒకే తీగ మిగిలితే పూలే తప్ప పండ్లుండవు. కంచెలు తెగగొట్టేవాళ్లకు ఈ చిన్న సంగతి తెలియాలి: పది గెనిమల్లో తొమ్మిది శుభ్రం చేశాక మిగిలిన ఒక్క దొండతీగ పిట్టకు పనికిరాకపోవచ్చు.

ఆకాశగరుడకు ఆ బాధ లేదు. ఆడపూలూ మగపూలూ ఒకే తీగ మీద, ఒకే ఆకు సందున పూస్తాయి. పువ్వు చిన్నది, ఆకుపచ్చ కలిసిన పసుపు, ఎవరూ ఆగి చూడరు. చూడవలసింది పండును. బొటనవేలి కొసంత పండు, కొసకు చిలకముక్కులా సన్నబడి ఉంటుంది. ముక్కు ఆకుపచ్చ, తొడిమ వైపు ఆకుపచ్చ, నడుమ మాత్రం ఎర్రటి పగడం. ఎవరో బొట్టుబిళ్ల పట్టీ చుట్టినట్టు. పండు బాగా మగ్గాక తొడిమ దగ్గర గుండ్రంగా చీలి పైభాగం టోపీలా ఊడిపోతుంది; నారింజరంగు గుజ్జులో గింజలు బయటపడతాయి. కిందనుండే ఆ చిన్న గిన్నె తీగకే అంటుకుని ఉంటుంది. అక్టోబరులో, చుట్టుపక్కల చేలు గోధుమరంగులోకి తిరిగాక, ముళ్లకంచెలో ఈ ఎరుపు చాలా దూరానికి కనిపిస్తుంది. పిట్టను పిలవడానికే ఆ రంగు.

మదనపల్లె అవతల హార్స్‌లీ కొండలకు పక్షుల కోసం వచ్చేవాళ్లు ఎక్కువగా వెతికేది పసుపు గొంతు పికిలిపిట్టను. దక్షిణాది రాతికొండలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట అది. దాని తిండిలో ముఖ్యమైనవి పొదల మీద, తీగల మీద కాసే చిన్న పండ్లే. అలాంటి పిట్టకు కొండ నుంచి కొండకు మధ్య దారి కావాలి; గెనిమల మీది కంచెలు ఆ దారి. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను ఊరివాళ్లు ఆడపడుచుల్లా చూసుకుంటారని జిల్లాకంతా తెలుసు. అంత పెద్ద పక్షి కాబట్టి కంటికి ఆనింది. కంచెలో గూడు పెట్టే చిన్న పిట్టకు, పొద కింద పిల్లలను నడిపించుకు పోయే కౌజుకు ఊరేగింపులు జరగవు.

సీతాకోకచిలకల సంగతి ఇంకా పేచీ. అవి తీగను బట్టి బతుకుతాయి, ఒకదాని తిండి ఇంకోదానికి పనికిరాదు. ఈశ్వరి తీగ, దాని దగ్గరి చుట్టాలు లేకపోతే నల్లరెక్కల మీద ఎర్రచుక్కలున్న క్రిమ్సన్ రోజ్ లేదు. దాని గొంగళి తినేది ఆ ఆకులే. నన్నారి పేరుతో అందరికీ తెలిసిన సుగంధిపాల మీద కామన్ క్రో గుడ్లు పెడుతుంది. పాలు కారే దుష్టపు తీగను, జిల్లేడును తిని పెరుగుతుంది ప్లెయిన్ టైగర్. ఆ పాలలోని విషాన్నే ఒంట్లో దాచుకుని పిట్టల నుంచి తప్పించుకుంటుంది. ఈ తీగలన్నిటికీ ఒక పోలిక ఉంది: వేసవిలో పైన ఎండిపోయినా అడుగున వేరు బతికే ఉంటుంది, తొలివానకు లేత ఆకు తయారు. గొంగళికి కావలసింది ఆ లేత ఆకే.

అన్నిటికన్నా చిత్రం సెరోపీజియా జాతి తీగలది. రాయలసీమ కొండల్లో రాళ్ల సందున చిన్న గడ్డతో దాక్కుని ఉంటాయి. పువ్వు చిన్న బుడ్డీ ఆకారం, మూతి దగ్గర రేకులు కలిసిపోయి పంజరంలా ఉంటాయి. వాసనకు వచ్చిన చిన్న ఈగ లోపలికి జారుతుంది. గొట్టం లోపల వెంట్రుకలు కిందికి వంగి ఉంటాయి కాబట్టి తిరిగి ఎక్కలేదు. రాత్రంతా అక్కడే బందీ. మర్నాటికి వెంట్రుకలు వాడతాయి, పువ్వు తల వాలుస్తుంది, ఈగ పుప్పొడి పూసుకుని బయటపడుతుంది, ఇంకో పువ్వులో మళ్లీ పడుతుంది. ఈ తీగలతో సహా జిల్లా మొక్కలన్నిటినీ ఊరూరా తిరిగి నమోదుచేసినవాళ్లు అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞులే. పుల్లయ్య, యశోద కలిసి రాసిన అనంతపురం జిల్లా వృక్షసంపద పుస్తకం 1989లో వచ్చింది. అంటే ఏ తీగ ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి కొత్త కమిటీ అక్కర్లేదు.

ఇంత పొగిడాక నష్టాలు దాచడం న్యాయం కాదు. అనంతపురం సీమ చీనీ తోటలకు పెట్టింది పేరు. చీనీకాయకు రాత్రిపూట వచ్చి ముక్కుతో పొడిచి రసం పీల్చే రెక్కల పురుగు ఉంది. ఆ పురుగు పిల్లదశలో తినేది తిప్పతీగ ఆకు, దూసరితీగ ఆకు. తోట చుట్టూ ఈ తీగలను పీకేయమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది అందుకే, ఆ మాట నిజమే. అడవిదొండలో పండుఈగ పెరుగుతుంది, కాబట్టి దోస, కళింగర, కాకర పెట్టే రైతు చేని పక్కన దాన్ని పెంచమనడం అన్యాయం. ఆకాశగరుడ దోసకు చుట్టమే గనక ఆ జాగ్రత్త దానికీ వర్తించాలి. పైగా గడ్డ పరమ చేదు; కూరకు పనికివచ్చేది కాదు, పిల్లల నోట పడకూడదు. అందుకే ప్రతి గెనిమకూ ప్రతి తీగా అనడం లేదు. చెనిక్కాయ, కంది, రాగి పండే మెట్టచేల గెనిమలు, గుట్టల అంచులు, చెరువు కట్టల వెనక వైపు, బండబీళ్లు. తనకల్లులో ఇవి తక్కువేం కాదు.

కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం వేరుశనగకు చేసిన మేలు దేశమంతా ఎరుగుదురు. కదిరి-6, కదిరి లేపాక్షి అన్న పేర్లు విత్తనాల అంగట్లో రైతు నోట ఆడుతుంటాయి. ఆ పరిశోధకులకే ఇంకో చిన్న పని అప్పగించవచ్చు. ఏ తీగ ఏ పంట పక్కన ఉండొచ్చు, ఏది ఉండకూడదు అని ఒక్క పేజీ కాగితం. రైతు అడిగేది అదొక్కటే.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? గెనిమ మీది కంచెకు ఏ రిజిస్టరులోనూ ఖాతా లేదు. చేను చదునుచేసేటప్పుడు జేసీబీ పళ్లు మొదట పట్టేది దాన్నే. పక్క మండలం నంబులపూలకుంటలో సౌర విద్యుత్తు 2016లో 250 మెగావాట్లతో మొదలై వేల ఎకరాలకు పాకింది. కరెంటు కావాలి, దానిమీద తగువు లేదు. కానీ నేల చదునైన చోట గెనిమ ఉండదు, గెనిమ లేనిచోట గడ్డ ఉండదు. అలాంటి చోట్ల మిగిలేది ఇనుప జాలీ కంచె. రోడ్డు వైపున్న ఆ జాలీ మీదికి, ప్యానెళ్లకు నీడ పడనంత దూరంలో, తీగలు ఎక్కించవచ్చు. ఎండాకాలంలో ఎండుతీగకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది కనుక ఫిబ్రవరిలో ఒకసారి ఎండుది కోసి తీసేయాలి. గడ్డకు ఏమీ కాదు.

రెండో నష్టం తవ్వడం. ఆకాశగరుడ గడ్డకు తిరునాళ్లలో గిరాకీ ఉంది, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నారు. అమ్మే గడ్డ నర్సరీలో పెరిగింది కాదు, గుట్టమీద తవ్వి తెచ్చింది. గడ్డ తీస్తే మొక్కే పోయింది. ఈ కథ ఎటు పోతుందో రాయలసీమ ఒకసారి చూసింది. వేసవిలో అందరూ తాగే నన్నారి షర్బత్‌కు వాడే వేళ్లలో మారేడు గడ్డలది పెద్ద వాటా. రాతికొండల మీద పెరిగే తీగ అది, వనిల్లా లాంటి వాసన వేసే లావుపాటి వేళ్లు. శేషాచలం మొదలు కర్ణాటక కొండల దాకా తవ్వి తవ్వి, ఒకప్పుడు సులువుగా దొరికిన తీగ కోసం ఇవాళ లోపలి కొండలకు పోవలసి వస్తోంది. షర్బత్ మానమని ఎవరికి చెప్పగలం? పెంచి తవ్వండి అని మాత్రం చెప్పగలం.

పెంచడం సాధ్యమేనా అంటే, ఆకాకరను చూడండి. నిన్నమొన్నటి దాకా అడవి కూరగాయ. ఇప్పుడు ఆడ గడ్డలు, మగ గడ్డలు వేరుచేసి, పందిళ్లు వేసి రైతులు పండిస్తున్నారు. అనంతపురం నల్లరేగడి చేలల్లో వానకు తనంతట తాను లేచే కాసరకాయను ఇంకా ఎవరూ పెద్దగా నాటడం లేదు గానీ, సంతకొచ్చిన గంటలో అమ్ముడవుతుంది. నాగలి మీద నాగలి పడినా నేలలోతున గడ్డ బతికే ఉంటుంది.

ఆకాశగరుడను పెంచడానికి కావలసింది ఓపిక, ఇసుక. పండు టోపీ ఊడే సమయానికి గింజలు తీసి, గుజ్జు కడిగి నీడన ఆరబెట్టాలి. ఎర్రమట్టి, ఇసుక సమంగా, కాస్త పశువుల ఎరువు. నీరు నిలిచే నేల వద్దు. దోసజాతి వేళ్లు కదిపితే అలుగుతాయి, కాబట్టి వీలైతే సంచిలో కాక నేరుగా గెనిమ మీదే, ఒక ముళ్లపొద మొదట్లో, వేలి కణుపులోతున వేయడం మేలు. తొలి ఏడాది పైన తీగ కనిపిస్తుంది గానీ గడ్డ చిన్నదే. అది ముదరడానికి ఏళ్లు పడుతుంది. పొరపాటు జరిగేది ఎక్కువగా ప్రేమ వల్ల: ఆకు రాలిపోగానే చచ్చిపోతోందని నీళ్లు పోస్తారు, గడ్డ కుళ్లుతుంది. ఆకు లేనప్పుడు నీళ్లు లేవు. ఒక పథకానికి ఇంతకన్నా చౌకైన నియమం ఉంటుందా?

కుండీలో పెంచేవాళ్లు గడ్డను మూడొంతులు బయటికి ఉంచితే చూడముచ్చటగా ఉంటుంది. చేలో ఆ సోకు వద్దు, నీడలో సగం కప్పి ఉంచాలి.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్లు 1990లో బోడిగా ఉన్న 32 ఎకరాలు కొని మొదలుపెట్టారు. తర్వాత కల్పవల్లి పేరుతో ఊళ్ల ఉమ్మడి భూములు ఏడు వేల ఎకరాలకు పైగా పచ్చబడ్డాయి. అక్కడి అనుభవంలో ఎక్కువ పనిచేసింది నాటడం కాదు, నిప్పు నుంచి, గొడ్డలి నుంచి కాపాడటం. నేలలో మొద్దులు, గడ్డలు, గింజలు అప్పటికే ఉన్నాయి. వాటిని వదిలిపెట్టడమే కావలసింది. తనకల్లు గెనిమల కింద ఏమున్నాయో తవ్వకుండానే తెలుసుకోవాలంటే రెండు వానాకాలాలు ఒక కంచెను ముట్టుకోకుండా వదిలితే చాలు.

కలెక్టర్ గారూ, అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. గెనిమ పనుల అంచనాల్లో 'కంచె శుభ్రం చేయుట' అన్న పద్దు ఉన్నచోట, పాత తీగలున్న కంచెలను వదిలిపెట్టమని ఒక వాక్యం చేర్చండి. నర్సరీలు పెంచే మొక్కల జాబితాలో చెట్ల పేర్ల కింద నాలుగు తీగల పేర్లు రాయించండి: ఆకాశగరుడ, ఈశ్వరి, సుగంధిపాల, మారేడు. విత్తనం ఈ మండలంలోనే సేకరించాలి, బయటి నుంచి గడ్డలు కొనకూడదు. స్వయం సహాయక సంఘాల మహిళలు ఈ తీగలను కుండీల్లో పెంచి తిరునాళ్లలో, గుడుల దగ్గర అమ్మితే, దిష్టికి గడ్డ కావలసినవాళ్లకూ గుట్ట తవ్వాల్సిన పని తప్పుతుంది. వాకిట కట్టుకునే ఆచారం ఎటూ పోదు. అది తన సరుకు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మాత్రం మార్చవచ్చు.

ఇప్పటికే వేలాడుతున్న గడ్డల విషయం కూడా ఒకటి చెప్పుకోవాలి. ఒకటి రెండేళ్లకు అవి ముడుచుకుని తేలికైపోతాయి, పనికిరాదని పెంటలో పారేసి కొత్తది తెచ్చుకుంటారు. పారేసే వాటిలో కొన్నింటికి ఇంకా ఊపిరుంటుంది. గోటితో తోలు కాస్త గీరితే కింద తడి తగులుతుంది. అలాంటిది జూన్ తొలి వానప్పుడు ఊరి బయట ఏ బలుసు పొద కిందో పెట్టి, పైన రెండు రాళ్లు పేర్చితే చాలు. మండలంలోని బడిపిల్లలకు ఈ ఏడు ఆ పని చెప్పి చూడండి. నవంబరులో వాళ్లే వెళ్లి ఎన్నింటికి ఎర్రపండ్లు కాశాయో లెక్కబెట్టి మీకు రాస్తారు.

ఇట్లు,
తీగల పక్షాన ఒక పత్రికా రచయిత,
తనకల్లు.